సూది తోసిన వేలు

పాతికేళ్లుగా ఆ ఐసీయూ గదిలో నిలబడటమే తప్ప కూర్చున్నది లేదు డాక్టరమ్మ. రోగుల బంధువుల కోసం మంచం పక్కన వేసే ఈ నీలం ప్లాస్టిక్ కుర్చీ ఇంత పొట్టిదని, ఇందులో కూర్చుంటే మనిషి మొహం కంటే మంచం కమ్మీయే ముందు కనబడుతుందని, కాస్త వెనక్కి వాలితే కిర్రుమంటుందని ఈ పొద్దున పదకొండింటికి గానీ తెలిసిరాలేదు. ఎంతమందిని కూర్చోబెట్టింది ఇందులో! "కూర్చోండమ్మా, కంగారుపడకండి, మేం చూసుకుంటాం కదా" అని ఎంత తేలిగ్గా అనేసేది! అందరూ అంచు మీదే ఎందుకు కూర్చునేవాళ్లో ఇప్పుడు తనూ అంచు మీదే కూర్చుని తెలుసుకుంటోంది. మంచం మీద ఉన్నది అక్క. కిడ్నీలో రాయి అడ్డుపడి, దాని వెనక చీము పట్టి, ఆ విషం నెత్తుట్లో కలిసింది. తెల్లారుజామున ఆపరేషన్ డాక్టరు సన్నటి గొట్టం వేసి దారి తెరిచాడు, యాంటీబయాటిక్ పడింది, రెండున్నర లీటర్ల సెలైన్ ఎక్కింది. ఇక ఆ మందు తన పని తాను చేసేదాకా ఒంట్లో నెత్తురు ఆగకుండా తిరిగేలా చూడాలి. చూడగలిగితే అక్క ఉంటుంది, లేకపోతే లేదు. ఇందులో మూడో మాట లేదని డాక్టరమ్మకు తెలిసినంతగా ఆ అంతస్తులో ఎవరికీ తెలియదు, ఆ తెలియడమే ఇప్పుడు ప్రాణం తీస్తోంది.

బావకి తెలియదు, అదృష్టవంతుడు. "షాక్ అంటున్నారేంటమ్మా, ఇంట్లో వైరింగంతా మొన్ననే మార్పించానే" అన్నాడు బయట వరండాలో, పాపం, నిజంగానే అన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కరెంటు కాదు బావా, ఇది నీళ్ల సంగతనుకో, మేడ మీద ట్యాంకు, గోడల్లో పైపులు, కింద మోటారు. విషం తగిలి పైపులన్నీ ఒక్కసారి వెడల్పైపోయాయి, ఉన్న నీళ్లే ఉన్నాయి గానీ పై అంతస్తు కుళాయికి ఎక్కట్లేదు. అప్పుడు చెయ్యగలిగినవి మూడే: ఇంకాస్త నీళ్లు పొయ్యడం, పైపులు బిగించడం, మోటారు గట్టిగా తిప్పడం. ఏది ఎప్పుడు ఎంత అన్నదే మా విద్యంతా. బావ తలూపాడు. అక్క కళ్లజోడు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "నువ్వు లోపలుంటావుగా, ఇంక నాకేం భయం" అన్నాడు. లోపల నేనూ నీలాంటిదాన్నే బావా, నా చేతికి ఇక్కడ ఏ అధికారమూ లేదు అని చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకంటే ఆ రూలు పెట్టింది తనే. సొంత మనిషి మంచం మీద ఉంటే డాక్టరైనా సరే కుర్చీలో కూర్చోవాలి, చెయ్యి పెట్టకూడదు, మందు చెప్పకూడదు. రాసి, కింద సంతకం పెట్టి, గోడకు అంటించింది, అదిగో ఎదురుగానే ఉంది, సంతకం చివరి గీత మరీ డాబుగా ఉంది.

పెట్టడానికి కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట సాటి డాక్టరొకాయన తన తండ్రి మంచం పక్కన నిలబడి, నెత్తుటి ఒత్తిడి అంకె దిగినప్పుడల్లా ఇంకో సీసా, ఇంకో సీసా అని సెలైన్ ఎక్కించాడు. పెద్ద డాక్టరు, తెలివైనవాడు, ఎవరు వద్దంటారు? అంకె ఒక్క అడుగు లేచేది, మళ్లీ కూలబడేది, సాయంత్రానికి ఆ ముసలాయన ఊపిరితిత్తుల నిండా నీళ్లు. ప్రేమతో ముంచేశాం అన్నాడా కొడుకు ఆ తర్వాతెప్పుడో, టీ కప్పు చేతిలో పట్టుకుని తాగకుండా. ఆ మాటకి పుట్టింది ఈ రూలు. చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువ అంటారు, మిగతావాళ్ల కోసం రాశాననుకుంది గానీ, ఈ కాగితం తన కోసం పన్నెండేళ్లు గోడ మీద కాచుకుని కూర్చుందనుకోలేదు.

ఈ రోజు ఈ మంచం చూసే పెద్ద డాక్టరు నత్త. నత్త అనే పేరు పెట్టింది కూడా తనే, ఎవరిననుకుని ఏం లాభం! ఎనిమిదేళ్ల కిందట చదువుకోవడానికి వచ్చిన కొత్తలో రౌండ్స్‌లో అందరి ముందూ అంది, "నాయనా, నువ్వు స్టెతస్కోపు చెవిలో పెట్టుకునేలోపు రోగికి నయమై ఇంటికెళ్లిపోతాడు." అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు, నలుగురి కంటే కాస్త ఆలస్యంగా. పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు అతను పెళ్లయి, జుట్టు పల్చబడి, ఈ గదిలో తన తర్వాత అంతటివాడు. పొద్దున వచ్చి చేతులు కడుక్కుని, తుడుచుకుని, మంచం పక్కన నిలబడి రెండు నిమిషాలు ఏమీ చెయ్యలేదు. ఉత్త చూపు. అక్క మొహం, మెడ, మోకాళ్లు, మూత్రం సంచీ, మళ్లీ మొహం. ఆ రెండు నిమిషాలూ డాక్టరమ్మ అరిచెయ్యి గోళ్లతో రక్కుకుంది. ఏదో ఒకటి చెయ్యవయ్యా బాబూ!

"ఏమే పిచ్చుకా" అంది అక్క. కళ్లు సగమే తెరిచింది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పిచ్చుక అని లోకంలో పిలిచేది ఒక్క అక్కే, ఆ పిలుపు ఈ గదిలో వినిపించేసరికి యాభై రెండేళ్ల డాక్టరమ్మ ఒక్కసారిగా ఆరేళ్లదైపోయింది. "ఊపిరి సరిగా ఆడట్లేదే. కాస్త ఎత్తవే." ఎత్తింది. కమ్మీ కింద బొమ్మ ఉన్న బటన్ నొక్కితే తలవైపు మంచం మెల్లగా లేచింది, అక్క వీపు దిండుకి ఆనింది, మొహంలో ముడి కాస్త సడలింది. తెర మీద అంకె చూడు! మణికట్టులో గుచ్చిన సన్నటి గొట్టం నుంచి క్షణక్షణం వచ్చే సగటు ఒత్తిడి అంకె, యాభై తొమ్మిది దగ్గర వేలాడుతున్నది, అరవై నాలుగు, అరవై ఎనిమిది, డెబ్బై ఒకటి! అరవై అయిదు చాలు మాకు, డెబ్బై ఒకటంటే పండగే. ఊపిరి పీల్చుకుంది. కుర్చీలో వెనక్కి వాలింది, కిర్రుమంది, కిర్రుమననీ.

కిర్రుమనేది కుట్టుమిషను కూడా. దాని తొక్కుడు చెక్క కిందే తన చిన్నతనమంతా గడిచింది, అమ్మ మిల్లు పనికి వెళ్తే అక్కే అమ్మ, పదకొండేళ్లు పెద్దది, పదిహేడేళ్లకే వీధి వీధంతటికీ దర్జీ. చెల్లెలు అల్లరి చెయ్యకుండా బొత్తాల సీసా బోర్లించేది. లెక్కపెట్టవే పిచ్చుకా. ఒకటి, రెండు, మూడు… తప్పు, మళ్లీ మొదలు. తల ఎత్తకుండానే తప్పని ఎలా తెలిసేదో, సూది ఆగేది కాదు, కన్ను గుడ్డ మీంచి కదిలేది కాదు. వైద్యం చదవడానికి వెళ్లేటప్పుడు తెల్ల కోటు కుట్టింది, ఒక చెయ్యి అరంగుళం పొడుగొచ్చింది. అక్క జన్మలో ఒప్పుకోలేదు, "కోటు సరిగానే ఉంది, నీ చెయ్యే పొట్టి" అని కొట్టిపారేసింది. ఆ కోటు ఇప్పటికీ తన గదిలో తలుపు వెనక మేకుకి ఉంది. డెబ్బై ఒకటి. డెబ్బై రెండు. అమ్మయ్య.

రసమట్టం వచ్చింది. ఆవిడ ఈ వార్డు పెద్ద నర్సు, అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. తండ్రి తాపీ మేస్త్రీ, గోడ చదునుగా ఉందో లేదో చూసుకునే ఆయన రసమట్టాన్ని, అదే, మధ్యలో గాజు గొట్టం, అందులో నీటిబుడగ ఉండే ఆ చెక్కని, ఉద్యోగంలో చేరిన రోజున ఇంటినుంచి తెచ్చుకుంది. ఎందుకో తర్వాత. ముందు సిరంజి మార్చాలి. పైపులు బిగించే మందు నోరాడ్, అక్క నెత్తురు నిలబడి ఉన్నది దాని మీదే, ఆ సిరంజి అయిపోవస్తోంది. కొత్తది పెట్టేలోపు అర నిమిషం మందు ఆగితే అంకె అగాధంలో పడుతుంది. రసమట్టం కొత్త సిరంజిని రెండో పంపులో ముందే పెట్టి నడిపించింది, ఒక వేలు దీని మీద, ఒక వేలు దాని మీద, కొత్తది అందుకుంటుంటే పాతదాన్ని తగ్గిస్తూ, తగ్గిస్తూ, తీసేసింది. అంకె ఒక్కటంటే ఒక్కటి కదలలేదు. వెయ్యిసార్లు చూసింది డాక్టరమ్మ ఈ పని, చూశాననుకుంది, నిలబడి చూస్తే ఇది పని, కూర్చుని చూస్తే నిద్రపోతున్న పిల్లని ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి మార్చడం. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది, పెడితే ఆవిడ ఊరుకోదు.

ఆవిడ మాత్రం తెర చూసి సంతోషించలేదు. అంకెను చూసింది, అక్క మోకాలు చూసింది, మోకాలి మీద ఇంకా ఊదారంగు మచ్చలు వలలా ఉన్నాయి, ఒత్తిడి బాగుంటే ఇవి ఎందుకున్నాయన్నట్టు. అప్పుడు మంచం చూసింది. జేబులోంచి రసమట్టం తీసింది. ఒత్తిడి కొలిచే చిన్న డబ్బా మంచం పక్కన కడ్డీకి బిగించి ఉంటుంది, అది సరిగ్గా గుండె ఎత్తులో ఉండాలి, గుండె పైకి లేచి డబ్బా కిందే ఉండిపోతే అంకె లేని గొప్పలు చెబుతుంది. చెక్క ఒక కొస అక్క చంక కింద, ఒక కొస డబ్బా వైపు, బుడగ పక్కకి పారిపోయింది. జానెడు తేడా. డబ్బాని పైకి జరిపి, మర తిప్పి, సున్నా చేసింది. అంకె మళ్లీ వచ్చింది, యాభై ఏడు. డాక్టరమ్మ మళ్లీ కుర్చీ అంచుకి జరిగింది. పావుగంట, పైన పటారం లోన లొటారం, ఆ దొంగ అంకెను చూసుకుని తను బొత్తాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది!

"మంచం ఎవరు లేపారు?" అంది రసమట్టం, కోపంగా కాదు, మామూలుగా.

"నేనే సిస్టర్."

మంచం కదిలితే మట్టం చూడు, మంచం కదిలితే మట్టం చూడు అని ఎన్ని బ్యాచ్‌ల చేత పలికించింది! ఒకడు మర్చిపోతే వందసార్లు రాయించింది కూడా. ఆ ఒకడు ఎవరో కాదు, నత్తే. రసమట్టం బుడగ మీద వేలితో తుడిచి చెక్కని జేబులో పెట్టుకుంది. "అక్క అడిగితే ఏ చెల్లెలైనా లేపుతుంది మేడం. చూసుకోడానికి మేమున్నాంగా" అంది. అంతే, ఆ మాటకి కళ్లు నిండిపోయాయి, తిట్టినా బాగుండేది. తను రూలు రాసింది కాగితం మీద, దాని అర్థం ఈవిడకు తెలుసు. కుర్చీలో కూర్చున్నవాళ్లు తప్పు చేస్తారు, చెయ్యనివ్వాలి, తప్పు ప్రాణం మీదికి రాకుండా మనం కాసుకోవాలి, ఇదీ అర్థం.

నత్త వచ్చాడు, విన్నాడు, డాక్టరమ్మ వైపు చూడలేదు, అది అతని మర్యాద. నోరాడ్ కాస్త పెంచాడు. అరవై, అరవై రెండు, అరవై ఆరు, నిజం అరవై ఆరు. అప్పుడు గాజు పలక తీసి, అక్క కుడిచేతి చూపుడు వేలి కొస మీద అదిమి పెట్టాడు, తెల్లబడేదాకా, పది సెకన్లు, వదిలి గడియారం చూశాడు. నెత్తురు కొసదాకా వస్తుంటే మూడు సెకన్లలోపు రంగు తిరిగొస్తుంది. ఆరు. తెల్లారుజామునా ఆరే. కాళ్లెత్తి చూద్దాం అన్నాడు. తల దించి, కాళ్లవైపు మంచం పైకెత్తారు. కాళ్లలో నెత్తురే రెండు గ్లాసులు గుండెకి వెళ్తుంది, బయటినుంచి చుక్క పొయ్యకుండానే పోసి చూసినట్టు. గుండె దాన్ని తీసుకుని గట్టిగా కొడితే నీళ్లు కావాలన్నట్టు, లేకపోతే వద్దన్నట్టు. నత్త స్కాన్ పరికరాన్ని ఛాతీ మీద ఆనించి ఒక నిమిషం కదలకుండా నిలబడ్డాడు. గుండె ఎంత కొట్టేదో అంతే కొట్టింది. మంచం మళ్లీ యథాస్థానానికి వచ్చింది, రసమట్టం మళ్లీ మట్టం చూసింది, ఎవరూ చెప్పలేదు.

పొయ్యవయ్యా, అర లీటరు పొయ్యి, అని డాక్టరమ్మ లోపల అరిచింది. పాతికేళ్ల చదువు గంగలో కలిసిపోయింది, గుండె వద్దని చెప్పింది, తన కళ్లతో చూసింది, అయినా అక్క పెదాలు ఎండిపోయి ఉన్నాయి కదా, ఏదో ఒకటి పొయ్యాలి కదా. నోరు తెరిచింది కూడా. నత్త స్కాన్ పరికరం తుడుచుకుంటూ, "మేడం, మీరిప్పుడు అక్కగారి చెల్లెలు" అన్నాడు మెల్లగా. ఇన్నేళ్లూ నెమ్మది అనుకున్నది నెమ్మది కాదు, చెయ్యకుండా ఉండగలగడం. చెయ్యడం ఎవడైనా చేస్తాడు. పక్కన పెద్దావిడ కూర్చుని కళ్లతో పొయ్యి పొయ్యి అంటుంటే పొయ్యకుండా నిలబడటానికి ఎంత గుండె కావాలి! పన్నెండేళ్ల కిందట ఆ ముసలాయన మంచం దగ్గర ఈ నత్త ఉండుంటే! ఎవరు నేర్పారు ఇతనికి? నేనే నేర్పానా? నేర్పి, నేనే మర్చిపోయానా? గర్వమో సిగ్గో తెలియనిదేదో ఒళ్లంతా పాకింది, ఎక్కువ పాలు గర్వమే.

పన్నెండుకు పది నిమిషాలు. నత్త మంచం కాళ్ల దగ్గర నిలబడి తనలో తను మాట్లాడుకుంటున్నాడు, అలవాటు. నెత్తుట్లో పేరుకున్న పులుపు, అదే లాక్టేట్, అయిదున్నర నుంచి నాలుగుకి దిగింది. మూత్రం గంటకు నలభై మిల్లీలీటర్లు, ఇందాక పదిహేనే. మోకాలి మచ్చలు తగ్గుతున్నాయి. "అన్నీ దారికొస్తున్నాయి సిస్టర్. ఈ వేలొక్కటే రావట్లేదు." వేలు రావట్లేదంటే, ఒత్తిడి ఉండి కూడా నెత్తురు కొసలకి చేరట్లేదంటే, మిగిలింది మూడో దారి, మోటారు. గుండెను తరిమే మందు. అక్క గుండె ఇప్పటికే నిమిషానికి నూట పద్దెనిమిది కొడుతోంది, పోయినేడు ఒకసారి లయ తప్పింది కూడా. తరిమితే నిలబడొచ్చు, తడబడి పడిపోనూవచ్చు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. "కలిపి ఉంచండి సిస్టర్. పది నిమిషాలు చూసి మొదలుపెడదాం." రసమట్టం మందు సీసా విరిచింది.

ఈ వేలు. డాక్టరమ్మ పొద్దుటినుంచీ తెర చూసింది, పంపు చూసింది, నత్త మొహం చూసింది, వేలు చూడలేదు. కుర్చీ మంచానికి ఎడమవైపు ఉంది. లేచి, చుట్టూ తిరిగి, కుడివైపుకి వెళ్లి అక్క చెయ్యి చూసింది. చూపుడు వేలు. అక్క ఇనుప టోపీ తొడుక్కునేది కాదు, కుట్టేటప్పుడు దర్జీలు వేలికి పెట్టుకునే ఆ టోపీ పెట్టుకుంటే గుడ్డ మాట వినబడదే అనేది, సూది వెనక భాగాన్ని ఉత్త వేలితోనే తోసేది, అట్టలా మందంగా ఉండే కోటు అంచుల్లోంచి, పరుపుల గలీబుల్లోంచి, పాఠశాల సంచుల్లోంచి, నలభై అయిదేళ్లు తోసింది, ఆ వేలి కొస కాయ కాచి, గట్టిపడి, పసుపుపచ్చగా, చిన్నప్పుడు చెంప మీద పెడితే చెక్క పెట్టినట్టుండేది. ఆ తోలు కింద నెత్తురు వచ్చిందో పోయిందో ఆ దేవుడికే తెలియాలి! చెప్పాలా? రూలు ఎదురుగా గోడ మీద ఉంది. మందు చెప్పకూడదు. నేను మందు చెప్పట్లేదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, ఇది డాక్టరుకి తెలిసింది కాదు, మిషను కింద కూర్చున్న పిల్లకి తెలిసింది.

"ఆ వేలు కాదు" అంది. "అది కాయ కాచిన వేలు బాబూ. మా అక్క దర్జీ. ఆ వేలితోనే సూది తోసేది. అందులో రంగు ఎప్పుడూ సరిగా కనబడదు. ఉంగరం వేలు చూడు."

నత్త చూశాడు, ఆలస్యంగా, ఎప్పటిలాగే. అక్క చూపుడు వేలిని తన బొటనవేలితో తడిమాడు. రసమట్టం చేతిలో సిరంజి గాల్లోనే ఆగింది. అతను గాజు పలకని తుడిచి డాక్టరమ్మ చేతికిచ్చాడు. "మీరే పట్టండి మేడం" అన్నాడు, "చూసేది నేనే, మీరు పట్టండి చాలు." రూలు రాసినావిడ చేతిలో రూలు తప్పకుండా గాజు పలక పెట్టడం ఎలాగో ఈ నత్తకి మాత్రమే తెలుసు.

అదిమింది. అక్క ఉంగరం వేలి కొస మెత్తగా ఉంది, ఇన్నేళ్లలో ఈ వేలిని ఎప్పుడైనా ముట్టుకున్నానా అనిపించింది. తెల్లబడింది, పిండిలా. పది దాకా ఆగి పలక తీసింది. వేలు తెల్లగా ఉంది. లోకమంతా అక్కడ ఆగింది, బావ జేబులో కళ్లజోడు, తలుపు వెనక అరంగుళం పొడుగు చెయ్యి, బొత్తాల సీసా, అన్నీ ఆ తెల్లటి చుక్కలో. "ఒకటి" అంది పైకే. అంచున ఏదో కదిలిందా? "రెండు." అంచుల నుంచి మధ్యకి, గోరు పక్కనుంచి, సన్నగా, మెల్లగా, గులాబీ రంగు నడుచుకుంటూ వచ్చేసింది. "మూడు" అనేసరికి తెల్లదనం ఎక్కడుండేదో తెలియలేదు. నత్త తన గడియారం నుంచి కళ్లెత్తాడు. "సిస్టర్, ఆ మందు వద్దు" అన్నాడు. రసమట్టం సిరంజిని ట్రేలో పెట్టిన చప్పుడు వినబడింది.

డాక్టరమ్మ వేలు వదల్లేదు.

"ఏం లెక్కపెడుతున్నావే?" అంది అక్క కళ్లు మూసుకునే.

"బొత్తాలక్కా."

"ఎన్నొచ్చాయి?"

"మూడు."

అక్క నిద్రపోయిందనుకున్నారు ముగ్గురూ. "మళ్లీ చూడు" అంది, "నువ్వెప్పుడూ ఒకటి తప్పుతావు."

డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని, గాజు పలక తీసుకుని, మళ్లీ మొదలుపెట్టింది.